బడిలో ఆటగంట



గత మాసమున పిల్లల ప్రాతఃకాలాహారమును గూర్చి మేము వ్రాసిన మాటలు చదివి పలువురు తల్లులు జాబులు వ్రాసిరి. అందొక జాబు మమ్ము మిక్కిలి యాలోచింపజేసినది. వ్రాసిన సోదరి పేరును ఊరును చెప్పము. ఆమె ప్రశ్న మాత్రము చెప్పుదుము. ఆమె కొమార్తెకు 8 ఏండ్లు. ప్రాథమిక పాఠశాలలో 3వ తరగతి చదువుచున్నది. ఆ బడికి క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు దినమునకు 30 నిమిషములు పిల్లలనందఱిని ఆవరణలోనికి గొనిపోయి పరుగులు, గెంతులు, ఆటలు నేర్పుచున్నాడట. బాలిక మోకాళ్ళు గీచుకొని, పావడ దుమ్ము చేసికొని యింటికి వచ్చుచున్నది. ఎక్కములు చూడబోయిన 7వ యెక్కము దాటలేదు. "మా పిల్లను ఆటనుండి తప్పించి ఆ యరగంట లెక్కలు చేయింపుడని పంతులుగారికి చీటి వ్రాయదలచితిని. వ్రాయవచ్చునా?" యని ఆమె యడిగినది.

బడిపంతులుగారి యింట కాపురము చేయువారము గనుక ఇట్టి చీటీలు మాకు క్రొత్తవి కావు. పరీక్షలు సమీపించినకొలది ఇవి హెచ్చును. చీటీ వ్రాయుట తెలియని తండ్రులు స్వయముగా వచ్చి యరుగుమీద కూర్చుండి, "ఆడించుటకు కాదండీ, చదివించుటకు పంపితిమి" అని చెప్పి పోవుటయు కలదు. ఈ కోర్కెలలో ఆడపిల్లలను గూర్చినవే యెక్కువ. మా సమాధానము మొదటనే చెప్పుచున్నాము: ఆ చీటి వ్రాయవలదు. ఆటగంట చదువునకు విరామము కాదు. అదియు నొక పాఠమే. లెక్కలగంటను తీసి ఆటకిమ్మని యే తల్లియు అడుగదు. ఆటగంటను తీసి లెక్కలకిమ్మనుటయు అట్లే యడుగరానిది. ఏలయో వివరింతుము.

మొదటి సందేహము చదువును గూర్చినది. ఆటకు కాలమిచ్చిన చదువు వెనుకబడదా? ఈ ప్రశ్నకు ఊహతో గాక పరీక్షించి సమాధానము చెప్పినవారు కలరు. కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రమందు త్రువా రివియేర్ అను పట్టణము కలదు. దాని పేరనే ప్రసిద్ధికెక్కిన పరిశోధన యొకటి 1970 మొదలు 1977 వఱకు ఒక పట్టణపు బడిలోను ఒక పల్లెటూరి బడిలోను జరిగినది. 546 మంది ప్రాథమిక విద్యార్థులను ఇందు పరిశీలించిరి. ఒక జట్టు పిల్లలకు 1వ తరగతి మొదలు 6వ తరగతి వఱకు వారమునకు 5 గంటలు దేహశిక్షణము నిచ్చిరి. అవే బడులలో వారికి ముందు వెనుక తరగతుల పిల్లలకు వారమునకు 40 నిమిషములే. ఆ 5 గంటలు ఎచ్చటనుండి వచ్చినవి? పుస్తకపాఠముల కాలమునుండియే. ఆ కాలము నూటికి 13, 14 వంతులు తగ్గినది. మొదటి సంవత్సరమున ఆటజట్టు పిల్లల మార్కులు కొంచెము తక్కువగానే యుండెను. కాని 2వ తరగతినుండి 6వ తరగతి వఱకు వారే ముందుండిరి. ఎక్కములు రాలేదని మొదటి మాసముననే కలతపడు తల్లులు ఈ మొదటి సంవత్సరపు మాటను గమనింతురుగాక. విత్తిన మఱునాడే మొలకను చూడగోరిన నేలను త్రవ్వి గింజను పాడుచేయుటయే యగును.

2009వ సంవత్సరమున అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు సుమారు తొమ్మిది పదేండ్ల వయసుగల 20 మంది పిల్లలను ఒకనాడు కూర్చుండబెట్టి, మఱియొకనాడు 20 నిమిషములు నడిపించి, పిదప పరీక్షలు పెట్టిరి. నడచిననాడు వారు తప్పులు తక్కువ చేసిరి. చదివినదానిని బాగుగా గ్రహించిరి. ఇది పెద్ద సంఖ్య కాదు. కాని బడిపంతుళ్ళు దినదినము చూచుచున్నదానికి ఇది సరిపోవుచున్నది. మధ్యాహ్నభోజనమైన పిదప రెండవ గంటకు తరగతి యంతయు నిద్రమొగముతో నుండును. ఒకడు బల్లపై తలవాల్చును, ఒకతె ప్రక్కపిల్ల జడ లాగును. ఆ సమయమున పుస్తకము మూయించి కొంతసేపు బయట త్రిప్పి తెచ్చిన, అంతవఱకు నాలుగు సారులు చెప్పినను తలకెక్కని లెక్క ఒక్కసారికే యెక్కును. కావున ఎక్కములు రాని పిల్లకు ఆట మాన్పుట మందు కాదు. ఆడి వచ్చిన పిమ్మట అరగంట ప్రక్కన కూర్చుండి ఎక్కములు చెప్పించుటయే మందు.

రెండవది యెముకలను గూర్చినది. ఇది ఆడపిల్లల తల్లులు ప్రత్యేకముగా వినవలసిన మాట. ఎముక రాయివంటిది కాదు. అది జీవముగల పదార్థము. దానిపై బరువును అదురును పడినప్పుడు ఎముకలోని జీవకణములు దానిని గుర్తించి అచ్చట సున్నపుపదార్థమును చేర్చి గట్టిపఱచును. కూర్చుండుటవలన ఆ పని జరుగదు. గెంతుట, పరుగెత్తుట, దుముకుట వలననే జరుగును. పెద్దవారి యెముకలలోనుండు ఖనిజములో సుమారు నాలుగవ వంతు, పొడుగు వేగముగా పెరుగు రెండేండ్లలోనే చేరును. ఆడపిల్లలకది 12, 13 ఏండ్ల ప్రాంతమున వచ్చును. ఆ కాలమునకు గెంతుట, పరుగెత్తుట అలవాటై యుండవలెనన్న అంతకుముందే, అనగా ప్రాథమిక పాఠశాలలో నున్నప్పుడే, దేహమునకు ఆట మప్పవలయును. తరువాతి కథ మన మెఱిగినదే. ముట్లుడిగిన పిదప స్త్రీ యెముకలనుండి ఆ ఖనిజము వేగముగా తఱుగును. కాలుజారి పడిన తుంటియెముక విఱిగి మంచము పట్టిన పెద్దమ్మలను చూడని యిల్లున్నదా? గాదెలో ధాన్యము నిండుగా నున్నవారికి కఱవు వచ్చినను గడచును. బాల్యమున గాదె నింపనివారు తరువాత పాలు త్రాగినను మాత్రలు మ్రింగినను ఆ లోటు పూర్తిగా తీరదు.

మూడవది కన్నులను గూర్చినది. నేడు 3వ తరగతి పిల్లలకే దూరపుచూపు తగ్గి కండ్లద్దములు రావడము మనము చూచుచున్నాము. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 12 పాఠశాలలలో 1వ తరగతి పిల్లలపై మూడేండ్లు జరిగిన పరిశోధన 2015లో ప్రకటింపబడెను. కొన్ని బడులలో దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట గడపు గంటను పెట్టిరి, కొన్నింటిలో పెట్టలేదు. మూడేండ్లకు పెట్టని బడులలో నూటికి 39.5 మందికి హ్రస్వదృష్టి వచ్చెను. పెట్టిన బడులలో నూటికి 30.4 మందికే వచ్చెను. ఆరుబయటి వెలుతురు ఇంటిలోని దీపకాంతికంటె ఎన్నో రెట్లు అధికము; ఆ వెలుతురే బాలుర కంటిగ్రుడ్డు మితిమీఱి పొడవుగాకుండ కాపాడునని వైద్యులు తలచుచున్నారు. కావున ఆట నాలుగు గోడల నడుమ గాక ఆకాశముక్రింద జరుగుట మేలు. సెల్‌ఫోనులో బంతియాట ఆడు పిల్లవానికి వ్రేలు మాత్రమే కదలును. కన్నునకు వెలుతురు లేదు, కాలికి పని లేదు.

ఇక పెద్దవారి యాక్షేపణలు కొన్ని కలవు. వానికిని సమాధానము చెప్పుకొనవలయును.

శాస్త్రము తెలిసిన తాతగారున్న యిండ్లలో ఒక మాట వినవచ్చును. వాగ్భటుని అష్టాంగహృదయమున వ్యాయామము మానవలసినవారిలో బాలురనుకూడ చేర్చిరి గదా, పసివాండ్రను పరుగులెత్తించుట శాస్త్రవిరుద్ధము కాదా యని. ఆ గ్రంథమున అట్లున్న మాట నిజమే. కాని శరీరమునకు ఆయాసము కలిగించు కర్మకే ఆయుర్వేదమున వ్యాయామమని పేరు. గరిడీలో మల్లులు చేయు శ్రమవంటిది పసిదేహమునకు తగదని ఆచార్యుని భావమని మా యభిప్రాయము. బాలుర ఆటను ఆయన నిషేధింపలేదు. సుశ్రుతుడు బలవంతునకు సైతము తన బలములో సగము వఱకే వ్యాయామము చేయుమని మితి చెప్పెను. ఆ మితిని మనము పిల్లల విషయమున పాటింతము. ఆటను మాత్రము మాన్పకుందము.

"ఆడపిల్లకు పరుగులేమి?" యని మఱికొందఱందురు. అట్లనువారు మన కావ్యములు చదువలేదని చెప్పవలసివచ్చును. కాళిదాసు కుమారసంభవమున హిమవంతుని కూతురు పార్వతి చెలికత్తెలతో గూడి మందాకినీతీరమున ఇసుకతిన్నెలు కట్టుచు, బంతులతోను బొమ్మలతోను ఆడుకొన్నది. దండి దశకుమారచరితమున కందుకావతి యను రాజకుమార్తె జనులెల్లరు చూచుచుండగా దేవి సన్నిధిని బంతియాడెను. ఆ యాటయే ఆమె పూజ. పర్వతరాజు కూతురికిని రాజు కూతురికిని తగినది మన పిల్లలకేల తగదు? నేటి మాటయే కావలెనన్న, కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతియందు మొత్తము 240 కిలోల బరువునెత్తి కాంస్యపతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన భారతస్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. ప్రతి బాలికయు పతకము తేవలెనని మేమనుట లేదు. ఆడపిల్ల దేహము బలమునకు పనికిరాదను మాట మాత్రము ఇకమీద ఎవ్వరును అనరాదు.

"ఎండలో నల్లబడును, రేపు సంబంధములు వచ్చునప్పుడు?" అని మెల్లగా అడుగు తల్లులును కలరు. ఎనిమిదేండ్ల పిల్లకు పెండ్లి లెక్కలు వేయుట మంచిది కాదు. నీరెండలో నలుపెక్కిన మేని ఛాయ నీడపట్టున నాలుగు వారములున్న మరల వచ్చును. ఆడక పోగొట్టుకొన్న బలము అంత సులభముగా రాదు.

"మా పిల్ల ఇంటిలో నీళ్ళు మోయును, చంటిపిల్లను ఎత్తుకొనును, ఆ పనియే వ్యాయామము గదా" యని మఱికొందఱి వాదము. పిల్లలకు ఇంటిపని నేర్పుట మంచిదే, మేమును నేర్పుదుము. కాని పనికిని ఆటకును భేదమున్నది. చంటిబిడ్డను ఎప్పుడును ఒకే చంక నెత్తుకొన్న పిల్ల ఒకప్రక్కకు ఒరిగి నడచును. పనిలో చేసిన కదలికయే మరల చేయవలయును. ఆటలో తల మొదలు పాదము వఱకు ప్రతి యవయవమును నూఱు విధముల కదలును. పనిలో తల్లి చెప్పినట్లు చేయవలయును. ఆటలో తనయీడువారితో నియమము పెట్టుకొనుట, వంతుకై వేచియుండుట, ఓడినను ముఖము ముడుచుకొనకుండుట, అన్యాయము జరిగిన గట్టిగా అడుగుట నేర్చును. ఈ కడపటి విద్య ఆడపిల్లలకు ఇంటిలో ఎవరును నేర్పరు. బడి యావరణలోనైన నేర్వనిండు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో చెప్పినదేమనగా, 5 మొదలు 17 ఏండ్ల వఱకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు ఊపిరి వేగమగునట్లు కదలవలయును. వారమునకు 3 దినములైనను కండలకును ఎముకలకును బలమిచ్చు గట్టి యాట లుండవలయును. జరుగుచున్నదేమి? 2016 నాటి లెక్కలనుబట్టి లోకమున 11 మొదలు 17 ఏండ్ల వయసు పిల్లలలో నూటికి 81 మంది ఈ మాత్రమును చేయుట లేదు. బాలురలో 78, బాలికలలో 85. పదునొకండవ యేట ఆట మఱచిన పిల్ల ఆఱవయేటనే మఱచుటకు ఆరంభించియుండును. అందుచేతనే మేము ప్రాథమిక పాఠశాలను గూర్చి ఇంత చెప్పుచున్నాము.

చట్టమేమి చెప్పుచున్నది? బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రతి బడికి ఆటస్థలముండవలెననియు, ప్రతి తరగతికి ఆటవస్తువు లీయవలెననియు దాని యనుబంధమున కలదు. అయితే ఒక లోటు గమనింపుడు. 6 మొదలు 8 వఱకు తరగతులలో 100 మందికి పైబడి పిల్లలున్నచోట దేహశిక్షణమునకు ప్రత్యేక బోధకుని పేర్కొన్న ఆ యనుబంధము, 1 మొదలు 5 వఱకు తరగతులకు అట్టివానిని పేర్కొనలేదు. చిన్నబడిలో లెక్కలు చెప్పు పంతులే ఆటయు చెప్పవలయును. ఇద్దఱు పంతుళ్ళతో ఐదు తరగతులు నడచు బడిలో ఆటగంట నిలుచుట, ఆ పంతుళ్ళ యిష్టమును, తల్లిదండ్రుల ప్రోత్సాహమును బట్టియే యుండును. మీ బడిలో అట్టి పంతులు దొరికెనన్న అది మీ పిల్లల యదృష్టము. పట్టణములలో మఱియొక విధమగు కష్టము కలదు. మేమెఱిగిన యొక పట్టణమున ఒక బడి మూడంతస్తుల అద్దెమేడలో నడచుచున్నది. అచ్చట ఆటస్థలమనగా వాహనములు నిలుపు చోటే. పిల్లలు మెట్లెక్కి దిగుటయే వారి వ్యాయామము. బిడ్డను చేర్పించునప్పుడు ఫలితముల పలకను చూచినట్లే ఆటస్థలమునుకూడ చూచి చేర్పించుడు.

ఇక ఏ యాటలాడింపవలెనో చెప్పుదుము. ఇందుకు ధనమక్కఱలేదు. 6, 7 ఏండ్ల పిల్లలకు దాగుడుమూతలు, కుంటుడాట, నేలబండ, ఒప్పులకుప్ప చాలును. ఒప్పులకుప్పలో చేతులు పెనవైచి వెనుకకు వ్రాలి తిరుగుటచే పట్టును, ఒడలి నిలుకడయు కుదురును. 8 ఏండ్లు దాటినవారికి తొక్కుడుబిళ్ళ, తాడాట, ఏడుపెంకులాట, ఖోఖో, చెడుగుడు తగును. తొక్కుడుబిళ్ళకు బొగ్గుగీతలును ఒక పెంకుముక్కయు చాలును. ఒంటికాలిపై గెంతుటచే కాలి యెముకలకును తుంటికిని మంచి బలము. తాడాటయు అట్టిదే. ఏడుపెంకులాటకు గుడ్డపేలికల బంతి చాలును. దానివలన గుఱి కుదురును, పరుగు అలవడును. ఖోఖోలో కూర్చుండుట, లేచుట, చటుక్కున మలుగుట కలవు. చెడుగుడులో ఊపిరి బిగబట్టుట అలవాటగును. చెట్టున్నచోట పెద్దవారు దగ్గఱనుండి కోతికొమ్మచ్చి యాడించిన భుజములకు బలము. అచ్చనగండ్లు, వామనగుంటలు వ్రేళ్ళకును లెక్కకును మంచివే. కాని అవి కూర్చుండి యాడునవి గనుక ఈ 60 నిమిషములలో వానిని కలుపరాదు. సూర్యనమస్కారములును తేలిక యాసనములును కొలదిగా చేయించిన దేహము వంగును. అవి ఆటకు తోడుగా నుండవలయునుగాని ఆటకు బదులు కారాదు.

ఆడించుటలోను ఒక నేర్పు కలదు. 40 మందికి ఒక బంతి యిచ్చిన ఇద్దఱాడుదురు, తక్కినవారు చూతురు. అందఱును కదలునట్లు చిన్న జట్లుగా విభజింపవలయును. ఓడినవారిని కడవఱకు కూర్చుండబెట్టు ఆటలలో బలహీనులే ముందు కూర్చుందురు. ఆట ఎక్కువ కావలసినది వారికే. కావున కొంతసేపటికి వారిని మరల చేర్చుకొను నియమము పెట్టవలయును. లావుపాటి పిల్లను, నత్తనడక పిల్లవానిని ఎగతాళి చేయనీయరాదు. కాలుసేతులలో లోపముగల బిడ్డకు బంతి విసరుటయో, తాడు త్రిప్పుటయో అప్పగించి ఆటలో నిలుపవలయును. అన్నిటికంటె ముఖ్యము: గుంజిళ్ళు, గోడకుర్చీ, ఆవరణచుట్టు పరుగు ఎన్నడును శిక్షగా విధింపరాదు. పైని చెప్పిన చట్టముయొక్క 17వ విభాగము పిల్లలకు శరీరదండనమును నిషేధించుచున్నది. అంతేకాక, పరుగును శిక్షగా నెఱిగిన పిల్ల పరుగును ద్వేషించును. 30 నిమిషములలో మొదటి 5 నిమిషములు నడకయు చేతులు కాళ్ళు కదల్చుటయు, నడుమ 20 నిమిషములు ఆట, కడపటి 5 నిమిషములు మెల్లని నడకయు మంచినీళ్ళును. ఈ క్రమము చాలును.

తల్లులు చేయవలసిన జాగ్రత్తలు కొన్ని కలవు. కడుపునిండ తిన్న గంటవఱకు పరుగులెత్తనీయరాదు. మార్చి ఏప్రిల్ మాసములలో ఒంటిపూట బడులు నడచునప్పుడు ప్రొద్దుటి మొదటి గంటలోనే ఆడుట మేలు. సెలవులలో సాయంకాలము ఎండ వాలిన పిదప ఆడవలయును. నీళ్ళసీసా తప్పక పంపుడు. ఆటనాడు గాజుగాజులు, వ్రేలాడు లోలకులు తీసివేయుడు. పావడ కాళ్ళకడ్డము పడకుండ పొట్టిగానుండునట్లు, లేదా లాగుచొక్కా తొడుగుడు. మోకాలు గీచుకొన్న సబ్బుతోను మంచినీటితోను కడుగుడు. పసుపు, కాఫీపొడి అద్దవలదు. 5, 6 ఏండ్ల నడుమను, మరల 10వ యేటను వేయింపవలసిన ధనుర్వాతపు టీకా మఱువవలదు. జ్వరముగా నున్ననాడు ఆట వలదు. ఆయాసము, ఉబ్బసము, గుండెజబ్బు గల బిడ్డకు వైద్యుని యడిగి ఎంత యాడవచ్చునో తెలిసికొనుడు. అడుగకుండ ఆడించుటయు, అడుగకుండ మాన్పించుటయు రెండును తప్పే. ఆడుచు మాటలాడగలిగినంత సేపు భయములేదు. మాట పెగలక, ముఖము పాలిపోయి, తలతిరుగుచున్నదన్న వెంటనే నీడకు తెచ్చి కూర్చుండబెట్టవలయును. బక్కచిక్కిన పిల్లకు ఆట వద్దనవలదు, తిండి హెచ్చింపుడు. ఆడిన పిల్లకు ఆకలియగును. ఆ యాకలికి తగిన పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, వేరుసెనగ సిద్ధముగా నుంచుడు.

జాబు వ్రాసిన సోదరికి ఒక మాట. చీటి వ్రాయుటకు కాగితము తీసియే యున్నయెడల దానిని వృథా చేయవలదు. పంతులుగారికి ఇట్లు వ్రాయుడు: "అయ్యా, మా పిల్ల దినమును ఆడుచున్నందుకు సంతోషము. ఎక్కములు ఇంటివద్ద మేము చెప్పించుకొందుము. ఆటగంట పరీక్షల మాసమునను మాన్పవలదని ప్రార్థన." ఇంతకంటె గొప్ప యుపకారము ఆ పంతులుగారికిని, ఆ తరగతిలోని తక్కిన పిల్లలకును మఱియొకటి లేదు. ఆడించు పంతులు తఱుచు ఒంటరివాడు. పైనుండి ఫలితములడుగుదురు, క్రిందినుండి తల్లిదండ్రులు లెక్కలడుగుదురు. ఒక్క తల్లియైనను అతని పక్షమున మాటలాడిన ఆ గంట నిలుచును.

బడిలో ఆ 30 నిమిషములు దక్కిన తక్కిన 30 నిమిషములు ఇంటివద్ద మన చేతిలో నున్నవి. సాయంకాలము బడినుండి వచ్చినతోడనే ప్రైవేటు పాఠమునకు పంపక, ఏదైన తినిపించి, వాకిటిలో తోడిపిల్లలతో ఆడనిచ్చి, దీపము పెట్టువేళకు కాళ్ళుచేతులు కడిగించి చదువునకు కూర్చుండబెట్టుడు. ఒక వీథిలోని నలుగురు తల్లులు వంతులు వేసికొని దినమున కొక్కరు అరుగుపై కూర్చుండి చూచుకొన్నచో ఆడపిల్లలును నిర్భయముగా ఆడుకొందురు. బడి తల్లిదండ్రుల సమావేశమునకు ఈసారి మగవారిని మాత్రమే పంపక మీరును పోయి, మార్కుల మాట యడిగిన పిమ్మట ఆటస్థలమెక్కడ, ఆటగంట యెప్పుడు, ఆడపిల్లలందఱును ఆడుచున్నారా యని మూడు ప్రశ్నలడుగుడు. వచ్చిన సమాధానములను మాకు వ్రాసి పంపిన, మంచిగా నడచుచున్న పద్ధతులను ఊరిపేరు లేకుండ ఇచ్చట ప్రకటింతుము.

వచ్చు మాసమున బడిపిల్లల పుస్తకసంచి బరువును గూర్చియు, కూర్చుండు తీరును గూర్చియు ముచ్చటింతుము.